తెల్లదోమకు ఏఈవో పోస్టివ్వండి

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే కుర్చీ పట్టేసి రాత్రిదాకా లేవని కుర్రాళ్లలో, రాజేంద్రనగర్‌లో అగ్రికల్చర్ బీఎస్సీ చదివి గ్రూప్స్‌కు దిగినవాణ్ని ఒకణ్ని వెతికి పట్టుకోండి. కునుకు తీస్తుంటే తట్టి లేపి అడగండి: టమాటాకు ఆకుముడత వైరస్‌ను అంటించే కీటకమేది? కళ్లు తెరవకుండానే చెబుతాడు. "తెల్లదోమ. బెమీసియా టబాకి." వైరస్ ఏది? "బెగోమో." కుటుంబం? "జెమినివిరిడే." మళ్లీ కునుకు. అశోక్‌నగర్ జిరాక్సు కొట్లలో స్పైరల్ బైండింగు చేసి అమ్మే నోట్సు భాషలో చెప్పాలంటే ఇదొక బిట్టు. వస్తే మార్కు, పోతే మార్కు.

ఇక్కణ్నించి బస్సెక్కితే గంటన్నరలో చేవెళ్ల. అక్కడ టమాటా చేలో ఆకులు పైకి ముడుచుకుని, పసుపు తిరిగి, చెట్టు గిడసబారి నిలబడుంటే రైతు ఎవరినడగాలి? పురుగుమందుల కొట్టాయన్ను. ఆయన ముడత తెగులుకు ఒక సీసా, సీసా పనిచేయలేదంటే ఇంకో సీసా ఇస్తాడు. జవాబు తెలిసినవాడు లైబ్రరీలో, సీసా ఉన్నవాడు కొట్లో, రోగం చేలో. మన వ్యవసాయ విస్తరణ అంటే ఇంతే.

జవాబేమైనా కొత్తదా అంటే కాదు. మన దేశపు టమాటా ఆకుముడత మీద వాసుదేవ, శామ్‌రాజ్ పరిశోధన పత్రం అచ్చయింది 1948లో. హైదరాబాద్‌లో ఇంకా నిజాం ఉన్న ఏడాది. నిజాం పోయాడు, రాష్ట్రాలు కలిశాయి, విడిపోయాయి. అదే సంగతి మీద పత్రాలు మాత్రం నేటికీ వస్తున్నాయి. ప్రతి పత్రం చివరా మరింత పరిశోధన అవసరమనే వాక్యం, సర్కారు ఆఫీసు గోడ మీద గాంధీ పటంలాగా, తప్పనిసరి.

ఈలోగా తెల్లదోమ పనితీరు చూడండి. ఒళ్లు మిల్లీమీటరు. రోగం సోకిన మొక్క మీద పావుగంటో అరగంటో రసం పీల్చిందంటే వైరస్ కడుపులోకి చేరుతుంది. అక్కణ్నించి ఒంట్లో తిరిగి కొన్ని గంటల్లో లాలాజలంలోకొస్తుంది. ఆపైన బతికున్నన్నాళ్లూ వాలిన మొక్కకల్లా పంచుతుంది. శిక్షణ పావుగంట, పోస్టింగు మర్నాటికల్లా, సర్వీసు జీవితాంతం. బదిలీకి ఎమ్మెల్యే లెటరు అడగదు. గాలి ఎటు వీస్తే అటు పోతుంది. ఈ ఒక్క గుణం మాత్రం మన నాయకుల దగ్గర నేర్చుకున్నదేమో.

మన నియామకాలతో పోల్చి చూద్దాం. 2022 ఏప్రిల్‌లో గ్రూప్-1 నోటిఫికేషన్. అక్టోబరులో ప్రిలిమ్స్. 2023 మార్చిలో పేపర్ లీకు, పరీక్ష రద్దు. జూన్‌లో మళ్లీ పరీక్ష. హైకోర్టు తీర్పుతో అదీ రద్దు. 2024లో కొత్త నోటిఫికేషన్, మళ్లీ ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్, వాటి చుట్టూ అశోక్‌నగర్ రోడ్ల మీద ధర్నాలు, లాఠీలు. ఈ వ్యవధిలో తెల్లదోమకు ఎన్ని తరాలు గడిచాయో లెక్కేయండి. ఎండ కాస్తే దానికి గుడ్డు నుంచి రెక్కల దాకా మూడు వారాలు చాలు. పేపర్ లీకయ్యే భయం లేదు, అది పరీక్షే రాయదు కదా.

ఆగండి, ఏఈవోలు, అంటే వ్యవసాయ విస్తరణాధికారులు, ఉన్నారు కదా అంటారా? ఉన్నారు. తెలంగాణలో ఐదువేల ఎకరాలకొక విస్తరణాధికారి, 2,601 రైతు వేదికలు. లెక్క బాగుంది. అయితే ఆ అధికారి చేతిలో ఉండాల్సింది భూతద్దం, ఉన్నది ఫోను. ఏ సర్వే నంబర్లో ఏ పంటో ఎక్కించడమే పెద్ద పని. 2024 అక్టోబరులో డిజిటల్ పంట సర్వే మా వల్ల కాదని వాళ్లు ఎదురు తిరిగితే సర్కారు సస్పెన్షన్లతో బదులిచ్చింది. టమాటా ఎన్ని ఎకరాల్లో ఉందో లెక్క పక్కా, ఎన్ని ఎకరాల్లో ముడుచుకుందో ఆ యాప్‌కు పట్టదు.

కుక్క కరిచినవాడికి నారాయణగూడ ఐపీఎంలో, అంటే ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో, సూది వేస్తారు. టమాటాకు అలాంటి సూది లేదు. వైరస్ ఎక్కిన మొక్కను ఏ మందూ బాగుచేయదు, పీకి పూడ్చేయాల్సిందే. రాకముందు చేయాల్సినవి ఉన్నాయి: నారుమడి మీద నైలాన్ వల, పసుపు జిగురు అట్టలు, చేను చుట్టూ ముందే వేసిన నాలుగు వరసల మొక్కజొన్న, తట్టుకునే రకం విత్తనం. బెంగళూరు ఐఐహెచ్ఆర్ వాళ్ల అర్క రక్షక్ ఉండనే ఉంది. వీటిలో ఏదీ సీసాలో దొరకదు. సీసాలో లేనిదాన్ని కొట్టాయన అమ్మడు, అమ్మనిదాన్ని చెప్పడు. సీసాల మీదే నమ్మకం పెట్టుకుంటే ఏమవుతుందో 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం పత్తి రైతులు చూశారు. పైరిత్రాయిడ్లు కొట్టిన కొద్దీ తెల్లదోమ పెరిగింది, అప్పులూ పెరిగాయి.

ఢిల్లీకి ఇదంతా తెలియదని కాదు. ఈ వైరస్‌లలో ఒకదాని పేరే టమాటో లీఫ్ కర్ల్ న్యూఢిల్లీ వైరస్. ఢిల్లీ పథకం మన మండలాఫీసుకు చేరేలోపు ఢిల్లీ వైరస్ 2012కల్లా స్పెయిన్‌కు చేరి అక్కడి గుమ్మడి జాతి పంటలను పట్టింది. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో రెండొందలకు చేరువై, చిక్కడపల్లి మార్కెట్లో కిలోలు కొనేవాళ్లు పావుకిలోకు దిగితే, ధర పెరగడానికి కోలారు తెల్లదోమ రోగం కూడా ఒక కారణమని కేంద్రం పార్లమెంటుకు జవాబిచ్చింది. అప్పటికే టమాటో గ్రాండ్ చాలెంజ్ అని ఒక పోటీ కూడా పెట్టింది. 1,376 ఆలోచనలొచ్చాయి. వడపోసి వడపోసి 2024 నవంబరుకు 28 తేల్చారు. ఆలోచనలకు కూడా ప్రిలిమ్స్, మెయిన్సే.

కాబట్టి మనవి చేసేదేమంటే, ఏఈవో ఖాళీలన్నీ తెల్లదోమతో నింపేయండి. చేను చేనుకూ తిరిగే అలవాటు, ఆకు అడుగున కూర్చుని పనిచేసుకునే ఓపిక, జీతం ఊసెత్తని క్రమశిక్షణ ఇంకెవరికున్నాయి? చిక్కు ఒక్కటే. 1999లో కోలారులో బయటపడిన దూకుడు రకానిది ఇక్కడి పుట్టుక కాదు, పశ్చిమాసియా వైపుది. నాన్‌లోకల్ అంటూ ఎవరో ఒకరు హైకోర్టుకు పోతారు, స్టే వస్తుంది. కేసు తేలేదాకా ఇన్‌చార్జి హోదాలో కొనసాగించండి. టీఏ, డీఏ అడగదు.