ముసలి గొంతుకే టికెట్ కొనండి: రాక్ అభిమానులకు ఉల్టా సలహాలు

బీదర్ చాయ్ హోటళ్ల దగ్గర రాక్ వినే కుర్రాళ్లు తెలుగు, కన్నడ, దక్కనీ కలగలిపి వాదించుకునేటప్పుడు తరచూ ఒక తీర్పు వినిపిస్తుంది: ‘ఆయన పనైపోయింది, గొంతు పోయింది, పరువుండగానే ఆపేయాలి.’ నిరుటి కచేరీని ఫోన్లో చూస్తారు. గొంతు ఎక్కడ చీలిందో వెతికి పట్టుకుని, ప్రయాణం మానుకుంటారు. నా సలహాలు దీనికి పూర్తిగా అడ్డం. తలకిందులుగా అనిపించినా ఇవే పాటించమని అడుగుతున్నాను.

గాయకుడు మంచి వయసులో ఉండగా తొందరపడకండి. ముసలివాడయ్యాక మాత్రం ఒక్క కచేరీ వదలకండి. పాతికేళ్ల గొంతు రికార్డులో భద్రంగా ఉంది, ఎప్పుడైనా వినొచ్చు. ఎనభై ఏళ్ల గొంతు ఆ రాత్రి, ఆ వేదిక మీదే దొరుకుతుంది. రోలింగ్ స్టోన్స్ 2003 ఏప్రిల్ 4న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో పాడినప్పుడు వాళ్ల గాయకుడు మిక్ జాగర్‌కు 59 ఏళ్లు. అప్పటికే వాళ్లను తాతలనేవారు. సుమారు 700 కిలోమీటర్లు ఎవరు పోతారని బీదర్‌లో ఆగిపోయినవాళ్లు డ్రమ్స్ ముందు చార్లీ వాట్స్‌ను ఇక చూడలేరు. ఆయన 2021 ఆగస్టులో పోయారు. జాగర్ మాత్రం 2024లో, 80 ఏళ్ల వయసులో, అమెరికాలో ఊరూరా తిరిగి పాడారు.

కచేరీకి ముందు ఆల్బమ్‌లు వినకండి. అందరూ వారం ముందే పాటలన్నీ మళ్లీ మళ్లీ విని సిద్ధమవుతారు. అలా వెళితే చెవిలో పాత రికార్డే మోగుతుంటుంది, ఎదుట నిలబడ్డ మనిషి వినపడడు. శ్రుతి తగ్గించారని కూడా గొణగకండి. వయసు పైబడితే స్వరతంత్రులు సాగే గుణం తగ్గుతుంది, ఊపిరి నిలిచే సేపు తగ్గుతుంది. అందుకే గిటార్ తీగలను అరమెట్టో మెట్టో దించి కడతారు. అది పాటకు చేసే న్యాయం. 1987లో ఎల్టన్ జాన్ గొంతుకు ఆపరేషన్ అయ్యాక పైస్థాయి తగ్గి, కింది స్వరాలకు నిండుదనం వచ్చింది. ఆ గొంతుతోనే మరో 36 ఏళ్లు పాడి, 2023 జూలై 8న స్టాక్‌హోమ్‌లో వీడ్కోలు యాత్ర ముగించారు.

ఇంతకంటే గొప్ప నిదర్శనం మన కర్ణాటకలోనే ఉంది. 1930ల నాటి రికార్డుల్లో హిందుస్తానీ గాయని గంగూబాయి హంగల్‌ది సన్నని, హెచ్చు శ్రుతి గొంతు. తర్వాత గొంతుకు చికిత్స జరిగి అది మగగొంతంత బరువెక్కింది. పాత రికార్డుతో పోల్చి అప్పుడే ఆపించేసి ఉంటే మనం తలుచుకునే గంగూబాయి మనకు దక్కేవారే కారు. తొంభై దాటాక కూడా ఆమె వేదికెక్కారు. రాక్ తప్ప ఇంకేదీ విననివాళ్లు సైతం ఆమె తొలి రికార్డునూ మలి రికార్డునూ ఒకే సాయంత్రం వినాలి. ఇందులో నాకు పట్టుదల ఉంది.

పైస్థాయి ఆయనకు అందకపోతే మీరు అందుకోండి. ‘డబ్బిచ్చింది ఆయన పాట వినడానికి, నీ పాట వినడానికి కాదు’ అని పక్కవాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. మన పల్లెల్లో భజన జరిగేటప్పుడు ముసలాయన తత్వం ఎత్తుకుని ఊపిరి చాలక ఆగితే ఎవరూ లేచిపోరు, వంత అందుకుంటారు. స్టేడియంలోనూ చేయాల్సింది అదే. 2025 జూలై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్క్‌లో రాక్ గాయకుడు ఓజీ ఆస్బర్న్ పార్కిన్సన్స్ జబ్బుతో నిలబడలేక, సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడారు. ఆయన పెరిగిన ఆస్టన్‌లోనే ఉంది ఆ మైదానం. జనం గొంతెత్తి వంత పాడారు. 17 రోజులకు, జూలై 22న, ఆయన కన్నుమూశారు. ఆ రాత్రి తప్పిన స్వరాలు లెక్కపెట్టుకున్నవాడెవడైనా ఉంటే వాడిమీద నాకు జాలి.

కనికరం చూపకూడని చోటు ఒక్కటుంది. ముందే రికార్డు చేసిన గొంతును వెనక నడిపించి పెదాలు కదిపితే ఎంత పెద్దవాళ్లైనా నిలదీయండి. లోకం తీరు దీనికి వ్యతిరేకం: గొంతు చీలితే ఎగతాళి, టేపు నడిస్తే చప్పట్లు. కిస్ బృందం 2023 డిసెంబరు 2న న్యూయార్క్‌లో ఆఖరి కచేరీ ముగిస్తూ, ఇకముందు తమ బదులు డిజిటల్ రూపాలు ఆడిపాడతాయని తెరమీద చూపించింది. వాటికి వయసు రాదు, ఆయాసం రాదు. వాటికి టికెట్ కొనకండి.

ఇక వీడ్కోలు కచేరీలు. ప్రతి వీడ్కోలునూ నమ్మి వెళ్లండి. వాళ్లు మాట తప్పి మళ్లీ వస్తే మళ్లీ వెళ్లండి. స్కార్పియన్స్ బృందం 2010లో వీడ్కోలు ప్రకటించాక కూడా ఏళ్ల తరబడి వాయించారు. అది మోసమని తిట్టేవాళ్లున్నారు. నాకైతే అది అదృష్టం. మన సినీ గాయని ఎస్. జానకి 2016లో ఇక పాడనని చెప్పి, అభిమానులు అడిగితే మరుసటి ఏడాది అక్టోబరులో మైసూరులో వేదికెక్కారు. అప్పుడామెకు 79 ఏళ్లు. మాట మీద నిలబడి ఉంటే మైసూరువాళ్లకు ఆ సాయంత్రం ఉండేదే కాదు.

పెద్ద రాక్ బృందాలు బీదర్‌కు రావు, మనమే వెళ్లాలి. 2024 డిసెంబరులో బ్రయాన్ ఆడమ్స్ 65 ఏళ్ల వయసులో హైదరాబాదుకు వచ్చి పాడారు. జహీరాబాద్, సంగారెడ్డి మీదుగా బస్సెక్కితే అదేం దూరం కాదు. ఈసారి అరవై దాటినవాళ్లెవరైనా వస్తున్నారంటే మరో ఏడాది చూద్దామని వాయిదా వేయకండి. రెండు టికెట్లు కొనండి, రెండోది ఇంట్లో పెద్దవాళ్ల కోసం.