ట్యాగు మావయ్య

మా చిన్న మావయ్య కాకినాడలో ఓ సర్కారు ఆఫీసు రికార్డు గదిలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఫైలు దుమ్ము దులపడం, అట్ట మీద పేరు రాయడం, ట్యాగు కట్టి బీరువాలోకి తొయ్యడం, ఇదే ఉద్యోగం. “ట్యాగు కట్టామంటే ఇక లోపల చదవక్కర్లేదనే అర్థం” అనేవాడు గర్వంగా. రిటైరైన కొత్తలో చెయ్యి ఊరుకోక కందిపప్పు డబ్బా మీద ‘కందిపప్పు’ అని చీటీ అంటించాడు. 2016లో జియో వచ్చాక ఆయనకి మనుషులు దొరికారు.

మా ఇంటి వాట్సాప్ గ్రూపులో 43 మందిమి. ట్యాగు లేనివాడు ఒక్కడూ లేడు. మొన్నోరోజు పొద్దున్నే టమాటాలు మండిపోతున్నాయన్నాను. మధ్యాహ్నానికి ‘పేటీఎం బ్యాచ్’లో ఉన్నాను. సాయంత్రం మా వీధి రోడ్డు బాగానే వేశారన్నాను. భోజనాల వేళకి ‘పచ్చ బ్యాచ్’. పన్నెండు గంటల్లో ఇటు నుంచి అటు దూకిన ఘనత మా జిల్లాలో ఏ ఎమ్మెల్యేకీ లేదు. మా పెద్దన్నయ్య గుడికెళ్లి ఫొటో పెడితే ‘భక్త్’, గుడి ముందు చెప్పులు పోయాయని విసుక్కుంటే ‘అర్బన్ నక్సల్’. రెండూ ఒకే దర్శనంలో.

పెళ్లిళ్లొస్తే ఆడవాళ్లకి మరీ కష్టం. పసుపు చీరకి ఒక పార్టీ, నీలానికి ఒకటి, కాషాయానికి ఒకటి, ఎరుపుకి రెండు మూడు. హైదరాబాద్ అక్క గులాబీ చీర కడితే టీఆర్ఎస్ అన్నాడు. 2022లో పార్టీ పేరు బీఆర్ఎస్ అయినా రంగు మారలేదు కాబట్టి అక్క ఫైలు తిరగరాసే పని తప్పింది. ఇక మిగిలింది తెలుపు. తెల్లబట్టలు వేసుకున్నవాడు ఏ పార్టీలోకైనా పోగలడు గనక వాడినసలు నమ్మడు.

ఫార్వర్డుల మీద ఆయన భక్తి వేరు. ‘చాలాసార్లు ఫార్వర్డ్ అయింది’ అని కనబడే జంట బాణాలు మనకి హెచ్చరిక, ఆయనకి ఐఎస్ఐ మార్కు. మన జాతీయగీతాన్ని ప్రపంచంలోకెల్లా గొప్పదిగా యునెస్కో ప్రకటించిందని ఏటా ఆగస్టులో పెడతాడు. యునెస్కో అలా ఎన్నడూ ప్రకటించలేదని మా తమ్ముడు చెప్పి ‘దేశద్రోహి’ అయ్యాడు. 2020లో అలాంటి మెసేజీ ఒకసారికి ఒక్కరికే పంపాలని వాట్సాప్ కట్టడి పెడితే మావయ్య చలించలేదు. రామకోటి రాసే ఓపికతో ఒక్కొక్కరికీ విడివిడిగా పంపాడు.

ఓసారి నాకూ జ్ఞానం పొంగి, కుడి, ఎడమ అనే మాటలెక్కడివో చెప్పాను. 1789లో ఫ్రాన్సు సభలో రాజుగారి వైపువాళ్లు అధ్యక్షుడికి కుడిచేతి వైపు, కాదన్నవాళ్లు ఎడమచేతి వైపు కూర్చున్నారనీ, ఆ పేర్లే నిలిచిపోయాయనీ. ఆయన తాపీగా విని, “అంటే అప్పుడూ కుర్చీల గొడవేనన్నమాట” అన్నాడు. ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నేనింతవరకు వినలేదు.

ఇంతా చేసి, ఆ ‘దేశద్రోహి’ కాకినాడ వస్తే తెల్లవారుజామున నాలుగింటికే స్కూటరేసుకుని స్టేషన్లో ఉండేది ఈయనే. వాడికి అల్లం పెసరట్టు ఇష్టమని ముందురోజే పెసలు నానబోయించేదీ ఈయనే. “మీ మావయ్యవన్నీ ఫోన్లో శౌర్యాలే” అంటుంది అత్తయ్య. గుమ్మం దగ్గర చెప్పులతోపాటు ట్యాగులూ విడిచిపెట్టాలి కాబోలు.

నేనేమీ తక్కువ తినలేదు. నా ఫోన్లో ఆయన పేరు ‘మావయ్య ఫార్వర్డు’. గ్రూపుతోపాటు ఆయన్నీ మ్యూట్‌లో పెట్టి చాలాకాలమైంది. సంక్రాంతికి రెండు నెలల ముందు తెర మీద ఆయన మెసేజీ మొదటి ముక్క కనబడింది: “ఒరేయ్, రిజర్వేషన్లు తగ్గించేశారు, చూశావా...” ఇంకేముంది, కులాల చర్చ మొదలెట్టాడనుకున్నాను. ఈ వయసులో ఈయనకిదేం పోయేకాలమని మనసులోనే ఒక ట్యాగు కూడా కట్టేసి, తెరవకుండా వదిలేశాను.

పండక్కి వారం ముందు చూస్తే ఏ రైల్లోనూ బెర్తు లేదు. అప్పుడు తెరిచాను. మిగతా ముక్క ఇదీ: “...120 రోజుల ముందు ఉండేది 60 చేశారు. రేపు పొద్దున తెరుస్తారు. పిల్లలతో బస్సులో అవస్థ పడకు. టిక్కెట్లు చూసుకో.”

మూడింతలు పెట్టి ప్రైవేటు బస్సులో వెనక సీట్లు కొని, నడుములు విరగ్గొట్టుకుని దిగేసరికి మావయ్య మఫ్లరు చుట్టుకుని చలిలో నిలబడి ఉన్నాడు. జరిగింది చెప్పాను. పడీ పడీ నవ్వి, సంచీ అందుకుని, “ఇన్నాళ్లకి నీకు సరైన ట్యాగు దొరికిందిరా” అన్నాడు.

“ఏమిటి మావయ్యా?”

“చదవని బ్యాచ్.”

స్కూటరెక్కి కూర్చున్నాను. వాదించడానికేముంది?