కొరివితో తల గోక్కునే కళ

“బ్యాటరీ ప్యాక్ అంటే ఏముందండీ బ్రహ్మవిద్య? సెల్లు వరసగా పేర్చాలి, పట్టీ అతికించాలి, పైన తొడుగు వేసెయ్యాలి. ఆ మాత్రం దానికి కంపెనీవాడు వేలకు వేలు గుంజుతున్నాడు!”

ఈ మాట అనే మహానుభావుడు మీ కాలనీలోనూ ఉండే ఉంటాడు. అటకమీది పాత సైకిలు దించి, వెనక చక్రానికి హబ్ మోటారు బిగించాడు. హ్యాండిల్‌కి థ్రాటిల్ తగిలించాడు. అంతవరకూ ముచ్చటగానే ఉంది. తీరా బ్యాటరీ ధర అడిగితే సైకిలు కన్నా, మోటారు కన్నా అదే ఎక్కువ పలికింది. కొనబోతే కొరివి అన్నారు పెద్దలు. అందుకని మనవాడు కొనడం మానేసి, కొరివిని ఇంట్లోనే తయారు చేసుకుని, దానితో తల గోక్కోవడం మొదలుపెట్టాడు.

పట్టీలు, టేపులు, బోర్డులు హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నాడు. సెల్లు మాత్రం కొనలేదు, ఏరాడు. పాత సామాన్లవాడి దగ్గర చచ్చిన ల్యాప్‌టాప్ బ్యాటరీలు పోగేసి, స్క్రూడ్రైవర్‌తో పొట్టలు చీల్చి, లోపలి గొట్టాలు బయటికి లాగాడు. వీటినే 18650 సెల్లు అంటారు. 18 మిల్లీమీటర్ల అడ్డకొలత, 65 మిల్లీమీటర్ల పొడవు, అదే పేరు. ల్యాప్‌టాప్‌కి పనికిరాక మూలపడిన సెల్లు, అరవై డెబ్బై కిలోల మనిషిని ఫ్లైఓవర్ ఎక్కించడానికి ఎలా పనికొస్తాయని అడిగితే, “ఒక్క సెల్లు పోతే ప్యాకంతా పడేస్తారండీ, మిగతావి శుభ్రంగా ఉంటాయి” అంటాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. శుభ్రంగా ఉన్నది ఏది, చచ్చింది ఏది అని తేల్చే పని ఒకటుంది కదా, పేచీ అంతా అక్కడే.

ఆయన తేల్చే పద్ధతి చూసి తీరాలి. మల్టీమీటర్ ముల్లు ఆనిస్తాడు. 3.7 చూపిస్తే పాసు. ఆ సెల్లు ఇంకా ఎంత కరెంటు పట్టి ఉంచగలదు, లోపలి నిరోధం ఎంత పెరిగింది, నాలుగు రోజులు పక్కన పెడితే దానంతటదే దిగిపోతుందా అన్నవి వోల్టేజి ఒక్కటీ చూస్తే తెలిసేవి కావు. ఇక రెండు వోల్టుల కన్నా కిందికి పోయి ఏళ్ల తరబడి పడి ఉన్న సెల్లుంటుంది. మంచి సెల్లుతో దానికి కాసేపు తీగ కలిపి ‘లేపుతాడు’. అది లేస్తుంది కూడా. అంత లోతుకి దిగిన సెల్లులో రాగి రేకు కరిగి ద్రావణంలో కలుస్తుందనీ, మళ్లీ చార్జింగ్ పెట్టినప్పుడు ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని లోపలే షార్టుకి దారి తీస్తుందనీ చెబితే, “మీరు మరీ చాదస్తం సార్” అంటాడు.

ఏరుకునే ఓపిక లేనివాళ్లకు కొత్త సెల్లులున్నాయి. నీలం రేపరు మీద 9900 ఎంఏహెచ్ అని దర్జాగా అచ్చేసి ఉంటుంది. 1991లో సోనీ మొదటిసారి లిథియం అయాన్ సెల్లుని మార్కెట్లోకి తెచ్చిన దగ్గర్నుంచీ జపాన్, కొరియా కంపెనీలన్నీ తలలు బాదుకున్నా, ఈ కొలత గొట్టంలో మూడున్నర వేల దగ్గరే తచ్చాడుతున్నాయి. ఏ అడ్రసూ లేని ఈ రేపరువాడు మాత్రం దాన్ని మూడింతలు చేసి పారేశాడు. నోబెల్ కమిటీవారికి కబురందినట్టు లేదు. అసలు సెల్లు తూకం వేస్తే నలభై అయిదు గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది. ఈ అద్భుతం ముప్ఫై కూడా తూగకపోవచ్చు. కూరగాయలు తూచి తూచి కొనే మనిషి, సెల్లు దగ్గర మాత్రం రేపరు చదివి డబ్బిచ్చేస్తాడు.

నోబెల్ ఎలాగూ వచ్చింది కాబట్టి ఒక మాట. 2019లో కెమిస్ట్రీ బహుమతి పంచుకున్న ముగ్గురిలో అకిరా యోషినో ఒకరు. 1980లలో ఆయన తన బ్యాటరీ మీద ఇనుప దిమ్మె పడేసి, అది అంటుకుంటుందా లేదా అని పరీక్షించి చూసుకున్నాడు. తాను కనిపెట్టిన వస్తువునే తాను నమ్మని మనిషి! మనవాడికి అంత అపనమ్మకం లేదు. ఆదివారం భోజనాలయ్యాక కూర్చుంటే సాయంత్రం టీకి ప్యాకు సిద్ధం.

ఇప్పుడు అతికించే ఘట్టం. 48 వోల్టుల ప్యాకు కావాలంటే నాలుగేసి సెల్లు ఒక గుంపుగా కలిపి, అలాంటి పదమూడు గుంపుల్ని ఒకదాని తర్వాత ఒకటి కలపాలి. మొత్తం 52 సెల్లు. నిండా చార్జ్ అయితే 54.6 వోల్టులు. వీటిని కలపడానికి స్పాట్ వెల్డింగ్ మెషీన్ వాడాలి. రెప్పపాటులో అతికించి వదిలేస్తుంది, వేడి లోపలికి దిగదు. మెషీను ఖర్చెందుకని మనవాడు రేడియోలు బాగుచేసే సోల్డరింగ్ గన్ తీశాడు. సీసం అంటుకోకపోతే ఇంకాసేపు ఆనించాడు. సెల్లు చివర లోపలున్న ప్లాస్టిక్ సీలు సంగతి సెల్లే చూసుకోవాలి. పట్టీ కూడా నికెల్ అనుకుని కొన్నదే, తీరా గీకి ఉప్పునీళ్లలో వేస్తే మర్నాటికి తుప్పు పట్టింది. లోపలంతా ఇనుము, పైన నికెల్ పూత. “కరెంటు పోతోంది కదా, ఏదైతేనేం” అన్నాడు. పోతోంది, దారిలో వేడెక్కుతూ పోతోంది.

ఒక్కసారి ఆ సెల్లుని దగ్గరగా పట్టుకుని చూడండి. పైనున్న చిన్న బొడిపె ప్లస్. మిగతా ఒళ్లంతా, ఆ బొడిపె చుట్టూ ఉన్న అంచుతో సహా, మైనస్. రెండింటికీ మధ్య వరిగింజ పొడవంత దూరం కూడా ఉండదు. కాపలా కాసేది ఒక పల్చటి ప్లాస్టిక్ పొర, ఒక కాగితం చుట్టు. పట్టీ అంచు మొనదేలి ఉండి, గతుకుల రోడ్డు మీద ఆ పొరను రోజూ రాపాడుతుంటే ఏం జరుగుతుందో ఊహించడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. పని తెలిసినవాళ్లు ప్రతి ప్లస్ మీదా ఒక కాగితపు వలయం అదనంగా అతికిస్తారు. ఖర్చు పైసల్లో. మనవాడు దాన్ని ‘డెకరేషన్’ అని వదిలేశాడు.

ఇన్ని అడిగితే చివరికి ఒకే సమాధానం: “బీఎంఎస్ ఉంది కదండీ, అది చూసుకుంటుంది.” బీఎంఎస్ అంటే బ్యాటరీకి కాపలా కాసే, అరచేతిలో పట్టే పచ్చబోర్డు. మనవాడి ఇలవేల్పు. పాపం, ఆ బోర్డు చూసేది గుంపు వోల్టేజిని. నాలుగు సెల్లు కలిసి ఉన్న గుంపులో ఒకటి కుళ్లినా, మిగతా మూడూ దాని బరువు మోస్తుంటే బోర్డుకి అంతా క్షేమంగానే కనిపిస్తుంది. వేడి తెలియాలంటే సెన్సార్ తీగ సెల్లుల మధ్యకు వెళ్లాలి. అది వేలాడుతోందని కత్తిరించేశాడట.

రూల్సు సంగతి అడక్కండి. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం అయితే నంబరు ప్లేటూ లైసెన్సూ అక్కర్లేదు. మనవాడిది నలభై దాటుతుంది. పెడల్స్ ఉన్నాయి కాబట్టి సైకిలేనట.

ఆయన బ్రహ్మాస్త్రం వేరే ఉంది. “కంపెనీ బ్యాటరీలు పేలలేదా?” పేలాయి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకటి, విజయవాడలో ఒకటి, ఇంట్లో ఉన్న బ్యాటరీలే పేలి ప్రాణాలు తీశాయి. ఆ సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనం అంటుకుని ఎనిమిది మంది పోయారు. ఆ ఏడాదే ఏఐఎస్ 156 అనే బ్యాటరీ ప్రమాణాన్ని బిగించి, 2022 డిసెంబర్ నుంచీ, 2023 మార్చి నుంచీ రెండు విడతలుగా అమల్లో పెట్టారు. పరీక్షలు చేసే ఫ్యాక్టరీలో తయారైనవే అంటుకుంటున్నాయంటే, ఏ పరీక్షా లేనిది ఇంకెంత భద్రమో అన్నది మనవాడి తర్కం. న్యూయార్క్ నగరంలో 2023లో లిథియం అయాన్ బ్యాటరీల మంటల్లో 18 మంది చనిపోయారు. వాడేసిన బ్యాటరీల నుంచి పీకిన సెల్లతో ప్యాకులు కట్టడాన్నే అక్కడ చట్టం పెట్టి నిషేధించారు. అదీ చెప్పాను. “వాళ్లకి జుగాడ్ తెలీదు సార్” అన్నాడు.

సికింద్రాబాద్ లాడ్జిలో పోయినవాళ్లు ఆ స్కూటర్లు ఎక్కినవాళ్లు కారు, పైన గది తీసుకుని పడుకున్నవాళ్లు. నాకు మనవాడి మీద కోపం అందుకే. చేతిపని చేసేవాళ్లంటే నాకు గౌరవం. ఒకే బ్యాచ్ కొత్త సెల్లు తెచ్చి, ఒక్కొక్కటీ నింపి దింపి కొలిచి, ఫ్యూజు పెట్టి, గట్టి డబ్బాలో బిగించేవాళ్లున్నారు. కాకపోతే వాళ్లు చివర్లో బిల్లు కూడితే కంపెనీ ప్యాకు ధరకు దగ్గర్లోనే తేలుతుంది, అందుకే వాళ్లు ఆదా గురించి ఉపన్యాసాలివ్వరు. మనవాడి ఆదా మాత్రం నిజంగానే ఆదా. పొదుపు ఆయన జేబులో ఉంటుంది, ప్యాకు అపార్టుమెంటు సెల్లార్లో ఉంటుంది. మీటరు ఎక్కకుండా సొసైటీ ప్లగ్గులో రాత్రంతా చార్జింగ్. ఆ ప్లగ్గుకి రెండు గజాల దూరంలో, రేకుల గదిలో వాచ్‌మన్ కుటుంబం పడుకుంటుంది.

మంటొస్తే? ఎర్ర బకెట్లో ఇసుక ఉంది. ఇసుక కన్నా బీడీ ముక్కలు ఎక్కువ ఉన్నాయనుకోండి. ఈ సెల్లు లోపలి రసాయనం వేడికి విరిగి సొంతంగా ఆక్సిజన్ వదులుతుంది, గాలి అందకుండా కప్పేస్తే ఆరిపోయే రకం కాదు. గంగాళాల కొద్దీ నీళ్లు పోసి చల్లబరచాలి, ఆరిందనుకున్నాక కూడా మళ్లీ రాజుకోవచ్చు.

మొన్న సొసైటీ మీటింగులో ఈ సంగతి ఎత్తితే, సెక్రటరీగారు ముందు విసుక్కుని, తర్వాత ఆలోచించి, “నాకూ ఒకటి కట్టిపెడతారా, వారంటీ ఏమన్నా ఉంటుందా?” అని మనవాడినే అడిగారు.

“వారంటీ ఎందుకండీ, నేనెక్కడికి పోతాను? పైన నాలుగో అంతస్తులోనే ఉంటాను కదా!” అన్నాడు మనవాడు. అడ్వాన్సు అక్కడికక్కడే ముట్టింది.