అరచేతిలో పరలోకం

బేతనియ లాజరుకి వ్యాపారం తెలీదు. చచ్చి సమాధిలో నాలుగు రోజులున్నాడు. నిమిషాల్లో చెప్పాలంటే 5,760. పిలుపు వినపడగానే ప్రేత వస్త్రాలతోనే లేచి బయటికొచ్చాడు. యోహాను సువార్త పదకొండో అధ్యాయం దాదాపు అంతా ఆయన కథే. పన్నెండో అధ్యాయానికల్లా విందులో కూర్చుని భోంచేస్తున్నాడు. చచ్చి బతికిన మనిషిని చూడ్డానికి జనం విరగబడ్డారు. ఇంతకంటే పబ్లిసిటీ ఏ రచయితకి దొరుకుతుంది? అయినా అటువైపు ఏం చూశాడో ఒక్క ముక్క చెప్పినట్టు సువార్తలో లేదు. బంగారు వీధులు ఉన్నాయా, తాతగారు కనిపించారా, అక్కడ చలా ఎండా? ఊహూఁ.

ఆ లోటు అమెరికావాళ్లు తీర్చారు. 1989 జనవరిలో టెక్సస్‌లో ఒక వంతెన మీద బాప్టిస్ట్ పాస్టర్ డాన్ పైపర్ కారుని లారీ గుద్దింది. చనిపోయాడన్నారు. గంటన్నర తర్వాత బతికే ఉన్నాడని తేలింది. ఆ గంటన్నరా పరలోక ద్వారం దగ్గర ఉన్నానని పదిహేనేళ్లకి, 2004లో, '90 మినిట్స్ ఇన్ హెవెన్' అచ్చేశాడు. ఇంకొకాయన, కాలిఫోర్నియా బిల్ వీస్, 1998లో ఒక రాత్రి రెండో వైపు చూసొచ్చి 2006లో '23 మినిట్స్ ఇన్ హెల్' తెచ్చాడు. ఈయన వృత్తి రియల్ ఎస్టేట్. అందుకేనేమో, నరకంలో తను పడ్డ గది కొలతలు అడుగుల్లో చెప్పాడు. అదే మన హైదరాబాద్ బ్రోకరైతే ఈస్ట్ ఫేసింగో కాదో, ఔటర్ రింగ్ రోడ్డుకి ఎన్ని నిమిషాలో కూడా చెప్పి, అడ్వాన్సు తీసుకుని మరీ తిరిగొచ్చేవాడు.

వీళ్లందరినీ మించినవాడు నెబ్రాస్కా పిల్లాడు కోల్టన్ బర్పో. నాలుగేళ్లు నిండకముందే, 2003లో, అపెండిక్స్ పగిలి ఆపరేషనైంది. పిల్లాడు చనిపోలేదు. చనిపోయాడని పుస్తకం కూడా అనదు. చావకుండానే, మన పెద్దలు అన్నట్టు బొందితోనే, వెళ్లొచ్చాడు. తర్వాత కొన్నేళ్లపాటు కారులోనో ఇంట్లోనో వాడు అన్న ముక్కలన్నీ తండ్రి ఏరి పెట్టుకున్నాడు. తండ్రి పాస్టరు. ఇంట్లో పొద్దునా సాయంత్రం పరలోకం మాటలే. అలాంటి ఇంట్లో పిల్లాడికి పరలోకం గురించి ఇన్ని సంగతులు ఎలా తెలుస్తాయని నాన్నగారి ఆశ్చర్యం! అక్కడ అందరికీ రెక్కలున్నాయట, యేసుకి మాత్రం లేవట. ఆయన గుర్రం ఇంద్రధనుస్సు రంగుల్లో ఉందట. తండ్రి ఎక్కడ యేసు బొమ్మ కనిపించినా పిల్లాడికి చూపించేవాడు. పెళ్లిచూపుల ఫొటోలు తిప్పికొట్టినట్టు వాడు అన్నిటికీ వంక పెట్టాడు. చివరికి ఒక ఎనిమిదేళ్ల పాప గీసిన బొమ్మ చూపిస్తే వాడికి నచ్చింది. సంబంధం కుదిరింది.

2010లో వచ్చిన ఆ 'హెవెన్ ఈజ్ ఫర్ రియల్' కోటికి పైగా అమ్ముడుపోయింది, 2014లో సినిమా అయింది. తండ్రికి తోడుగా కలం పట్టిన లిన్ విన్సెంట్ అంతకుముందు ఏడాదే సారా పేలిన్ ఆత్మకథకి కలం సాయం చేసింది. రాజకీయ నాయకురాలి ఆత్మకథ రాసిన చేతికి పరలోకం రాయడం కష్టమేమీ కాదు. రెండు చోట్లా అడ్డు చెప్పడానికి సాక్షులుండరు.

పైలోకానికి వెళ్లిరావడం తెలుగువాళ్లకి కొత్త కాదు. 1977లో రామారావు 'యమగోల'లో యముడి కొలువుకే వెళ్లి సమ్మె లేవదీశాడు. చిత్రగుప్తుడి లెక్కలు తప్పడం, యముడు మద్రాసు వీధుల్లో తిప్పలు పడడం ఎన్ని సినిమాల్లో చూశామో లెక్కలేదు. కడుపుబ్బా నవ్వి ఇంటికొచ్చాం. 'వాస్తవ గాథ' అని పోస్టరు మీద ఎవడూ వేయలేదు. క్రైస్తవ సాహిత్యంలోనూ ఈ మర్యాద పాతదే. చాలా తెలుగు క్రైస్తవ ఇళ్లలో బైబిలు పక్కనుండే 'యాత్రికుని ప్రయాణము' రాసిన జాన్ బనియన్ పాఠకుణ్ణి పరలోకపు గుమ్మం దాకా నడిపించుకెళ్తాడు. 1678లో వచ్చిన ఆ పుస్తకం మొదలవడమే కలతో. తలుపులు మూసుకున్నాయి, మేలుకున్నాను అని ముగిస్తాడు. తన మతం కోసం బెడ్‌ఫర్డ్ జైల్లో ఏళ్ల తరబడి మగ్గినవాడు కలని కల అని చెప్పాడు. ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయినవాళ్లు మాత్రం నిజం అంటున్నారు.

వీళ్లు తమది బైబిలు మార్గమే అంటారు కాబట్టి ఆ బైబిల్నే అడుగుదాం. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక పన్నెండో అధ్యాయంలో పౌలు, తనకి తెలిసిన ఒక మనిషి పద్నాలుగేళ్ల కింద మూడో ఆకాశం దాకా వెళ్లాడంటాడు. ఆ మనిషి తనే అని చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడ్డాడు. అక్కడ విన్నవి మనిషి పలకకూడని మాటలని నోరు కట్టుకున్నాడు. పౌలుకి ఒక మంచి ఎడిటరు ఉంటే రెండో భాగం కూడా వచ్చేది.

లూకా పదహారో అధ్యాయం ఇంకా ఘోరం. నరకంలో పడ్డ ధనవంతుడు అబ్రాహాముని బతిమాలుతాడు: బిచ్చగాడు లాజరుని (ఇతను వేరే లాజరు) భూమ్మీదికి పంపించు, మా అన్నదమ్ముల్ని హెచ్చరిస్తాడు అని. పరలోకం నుంచి ఒకణ్ణి వెనక్కి పంపి సాక్ష్యం చెప్పించాలన్న మొట్టమొదటి ప్రతిపాదన అదే. అబ్రాహాము ఏమన్నాడు? మోషే రాతలున్నాయి, ప్రవక్తల రాతలున్నాయి, వాటిని వినని వాళ్లు చచ్చినవాడు లేచొచ్చి చెప్పినా వినరు అని కాగితం తిప్పి పంపేశాడు. ఇరవై ఒకటో శతాబ్దంలో అదే ప్రతిపాదన ఇల్లినాయ్‌లోని టిండేల్ హౌస్‌కి వెళ్తే కాంట్రాక్టు ఇచ్చారు.

ఆ కథ నవ్వుకోవడానికి వీల్లేనిది. 2004లో ఒహాయోలో తండ్రి నడుపుతున్న కారుకి ప్రమాదం జరిగి ఆరేళ్ల అలెక్స్ మలార్కీ రెండు నెలలు కోమాలో ఉన్నాడు. మెడ కింద శరీరం చచ్చుబడింది. 2010లో తండ్రి పేరూ పిల్లాడి పేరూ వేసి 'ద బాయ్ హూ కేమ్ బ్యాక్ ఫ్రమ్ హెవెన్' తెచ్చారు. పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఇందులో నిజం లేదని తల్లి బహిరంగంగా మొత్తుకుంటూనే ఉంది. 2015 జనవరిలో కుర్రాడే బహిరంగ లేఖ రాశాడు: నేను చనిపోలేదు, పరలోకానికి వెళ్లలేదు, నలుగురూ పట్టించుకుంటారని అలా అన్నాను, ఆ మాట అన్నప్పటికి నేను బైబిలు చదవనే లేదు, మీరు బైబిలు చదవండి, అది చాలు. అప్పుడు గానీ సంస్థ పుస్తకాన్ని వెనక్కి తీసుకోలేదు. కోటానుకోట్లు వచ్చినా తనకి దమ్మిడీ ముట్టలేదని 2018లో అతను ప్రచురణకర్తల మీద దావా వేశాడు.

పెద్దలు ఊరుకున్నారా అంటే, ఊరుకోలేదు. 2014 జూన్‌లో సదరన్ బాప్టిస్టులు మహాసభలో తీర్మానం చేశారు: పరలోకం గురించి లేఖనాలు చెప్పింది చాలు, ఈ వెళ్లొచ్చిన కథలు అక్కర్లేదు అని. వాళ్ల సొంత దుకాణాలు లైఫ్‌వే అరల్లోంచి ఆ పుస్తకాలన్నీ దిగడానికి మాత్రం 2015 మార్చి దాకా పట్టింది. మధ్యలో ఒక క్రిస్మస్ సీజను వచ్చింది మరి.

"చదివితే నష్టమేంటిరా? నలుగురికి విశ్వాసం పెరుగుతుంది కదా!" అంటుంది మా మేనత్త. పెరుగుతుందత్తయ్యా, కాదన్ను. బిడ్డని పోగొట్టుకున్న తల్లికి ఆ పుస్తకం చేతిలో పెట్టి చూడు. నెబ్రాస్కా పిల్లాడికి పోయిన అక్క కనిపించింది, నాకెందుకు కబురు రాలేదు అని ఆవిడ అడిగితే ఏం చెప్తావు? రేపు ఆ పిల్లాడు కూడా ఉత్తరం రాస్తే? అబద్ధం మీద పెరిగిన విశ్వాసం అబద్ధం బయటపడ్డ రోజున ఎక్కడ నిలబడుతుంది?

పరలోకం వద్దనుకునేవాళ్లకి ఇహలోకం పుస్తకాలు వేరే ఉన్నాయి. మొదటి దినవృత్తాంతములు నాలుగో అధ్యాయంలో, వంశావళుల మధ్య, రెండే రెండు వచనాల్లో యబ్బేజు అనే మనిషి వచ్చి వెళ్లిపోతాడు. నా సరిహద్దు పెంచమని దేవుణ్ణి అడిగాడు, దేవుడిచ్చాడు. బ్రూస్ విల్కిన్సన్ 2000లో ఆ రెండు వచనాల్ని వంద పేజీల లోపు పుస్తకంగా సాగదీసి, ఈ ప్రార్థన నెలపాటు రోజూ చేసి చూడమన్నాడు. మరుసటి ఏడు అమెరికాలో కాల్పనికేతర పుస్తకాల్లో అమ్మకాలకి అదే మొదటిది. పిల్లలకొకటి, కుర్రకారుకొకటి వేరే అచ్చులు. కాఫీ కప్పులు, కీచెయిన్లు సరేసరి. తర్వాత విల్కిన్సన్ ఆఫ్రికా వెళ్లాడు. స్వాజీలాండ్‌లో పదివేల మంది అనాథ పిల్లలకి నివాసం కడతానన్నాడు. ఉద్దేశం మంచిదే. అక్కడి ప్రభుత్వం కోరిన భూమి ఇవ్వలేదు, 2005లో సర్దుకుని వచ్చేశాడు. సరిహద్దు పెరగాల్సిన చోట పెరగలేదు, పుస్తకాల షాపులోనే పెరిగింది. మన సంఘాల్లో కూడా 'సరిహద్దులు విశాలపరచు దేవా' అన్న ప్రార్థనకి గిరాకీ తక్కువేం కాదు. పక్క ప్లాటువాడూ అదే ప్రార్థన చేస్తుంటే దేవుడు సర్వేయర్ని పంపాలేమో.

ఈ వ్యాపారంలో ఎవరికి ఎంత విశ్వాసం ఉందో తెలియాలంటే పుస్తకం లోపలి పేజీ చూడాలి. బర్పో పుస్తకం వేసిన థామస్ నెల్సన్, ఎన్‌ఐవీ బైబిలు అమ్మే జోండర్వన్ రెండూ ఇవాళ హార్పర్‌కాలిన్స్ చేతిలో ఉన్నాయి. ఆంటన్ లావే రాసిన 'ద సటానిక్ బైబిల్' వేసే ఏవన్ కూడా ఆ ఇంటిదే. దేవుడు గెలిచినా సైతాను గెలిచినా ఆ ఇంటిని నడిపే రూపర్ట్ మర్డాక్ కుటుంబానికి నష్టం లేదు. ఈ సాహిత్యం మొత్తంలో నాకు నిజాయితీగా కనిపించిన ఏర్పాటు ఇదొక్కటే.

పరలోకం ఉందా లేదా అన్న తగవు నాది కాదు. ఉందని నమ్మేవాడికి ఆ నమ్మకం ఉచితం. దానికి రసీదు కావాలన్నవాడే పుస్తకం కొంటాడు. సొంత గ్రంథంలో దేవుడు చెప్పిన మాట చాలక, నాలుగేళ్లు నిండని పసివాడి చేత హామీ సంతకం పెట్టించుకున్నవాళ్లు నాలాంటి అల్పవిశ్వాసి కోసం ప్రార్థన చేస్తామంటున్నారు. సంతోషం, చేయండి. నా వంతు తర్వాత, ముందు మీ కోసం చేసుకోండి.