ఉద్దానం బయాప్సీ ముక్కను పాడుచేసే సలహాలు

‘అంతా ఒకే సీసాలో ఫార్మలిన్‌లో వేసెయ్, ఎక్కడికి పంపినా పాడవదు.’ ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు ఎవరైనా ఈ మాట చెబితే, కిడ్నీ బయాప్సీ విషయంలో మాత్రం అస్సలు వినకండి.

సూదితో తీసిన ముక్క సేమియా పోగంత ఉంటుంది. ఒక పోగు ఫార్మలిన్‌లోకి వెళ్లాలి. ఫ్లోరసెన్స్ పరీక్షకు పంపే పోగుకు ఫార్మలిన్ తగలనే కూడదు. దాన్ని గడ్డకట్టించి, మైక్రాన్ల మందాన కోసి, ఫ్లోరసీన్ తగిలించిన యాంటీబాడీలు వేస్తారు. ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం, సీ3, సీ1క్యూ దేనికది వేరు. వెతికే పదార్థం అక్కడ పేరుకుని ఉంటే, నీలి కాంతి పడగానే ఆకుపచ్చగా వెలుగుతుంది. ఫార్మలిన్ ప్రొటీన్లను ఒకదానికొకటి బిగించేస్తుంది, ఇక యాంటీబాడీకి పట్టు దొరకదు. ఉద్దానం ప్రాంతంలోని పలాస నుంచి విశాఖకు సుమారు 200 కిలోమీటర్లు. అంత దూరం పంపేటప్పుడు సెలైన్‌ను నమ్ముకోవద్దు, మిషెల్ ద్రావణంలో పంపండి. అందులో ముక్క కొన్ని రోజులు నిలుస్తుంది.

‘ఏమీ వెలగలేదా? అయితే రిపోర్టులో రాయడానికేం లేదు.’ అన్నిటికన్నా నన్ను బాధపెట్టే సలహా ఇది. ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కనిపించే కిడ్నీ జబ్బు ఎక్కువగా కిడ్నీ నాళికలనూ, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్నీ దెబ్బతీస్తుంది. రక్తాన్ని వడకట్టే గ్లోమెరులస్‌లు సాధారణంగా వెలగవు. ఆ చీకటే ఐజీఏ నెఫ్రోపతీ కాదనీ, లూపస్ కాదనీ చెబుతుంది. అసలు కారణం ఇప్పటికీ తేలని జబ్బుకు ఏది కాదో తేలడం చిన్న విషయం కాదు. అయితే పాడైన ముక్క కూడా చీకటిగానే కనిపిస్తుంది! అందుకే ఐజీఏ ఉందని ముందే తెలిసిన స్లైడును అదే రోజు, అదే యాంటీబాడీతో పక్కనే నడపండి. అది వెలిగితేనే మన చీకటిని నమ్మాలి. ముక్కలో అసలు గ్లోమెరులస్‌లు పడ్డాయో లేదో లెక్కపెట్టండి. ఒక్కటీ లేకపోతే ఆ చీకటికి అర్థం లేదు.

‘స్లైడు బల్ల మీద ఉంచు, రేపు తీరిగ్గా చూద్దాం’ అంటారు. ఫ్లోరసీన్ వెలుతురుకు వెలిసిపోతుంది. అదే రోజు ఫొటోలు తీసి, స్లైడును చీకటి పెట్టెలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రితోపాటు కిడ్నీ పరిశోధన కేంద్రం కూడా ప్రారంభమైంది. పరిశోధన వైపు వెళ్లాలనుకునే మన పిల్లలకు ఇంకో మాట. ‘కేఐ-67 వెలిగిందంటే కణం రెండైనట్టే’ అన్న సలహా తప్పు. జర్మనీలోని కీల్‌లో తయారై, 1983లో వెలుగు చూసిన ఈ యాంటీబాడీ, కణం విభజన చక్రంలో ఉందని మాత్రమే చెబుతుంది. దెబ్బతిన్న నాళిక కణాలు కొన్ని ఆ చక్రం మధ్యలోనే ఆగిపోతాయి, అవీ వెలుగుతాయి. కణం విభజన దశకు చేరిందా అని చూడాలంటే ఫాస్ఫో హిస్టోన్ హెచ్3ని ఇంకో రంగులో చూడాలి. రెండు యాంటీబాడీలూ ఎలుకవే అయితే రంగు మోసే రెండో యాంటీబాడీ రెంటికీ అంటుకుంటుంది. ఒకటి కుందేలుది ఎంచుకోండి. మొదటి యాంటీబాడీ వేయని స్లైడు ఒకటి తప్పక ఉంచండి.

ఇక ఇళ్లలో వినిపించేది: ‘క్రియాటినిన్ బాగా పెరిగాక చూద్దాంలే.’ అప్పటికి కిడ్నీ కుంచించుకుపోయి మచ్చలే మిగులుతాయి, సూది వేస్తే రక్తస్రావం ముప్పూ పెరుగుతుంది. బయాప్సీ అవసరమా కాదా అన్నది, అల్ట్రాసౌండ్‌లో కిడ్నీ సైజు చూసి, తొలి దశలోనే నెఫ్రాలజిస్టును తేల్చనివ్వండి.