బ్యాంకర్ ఇంజిన్‌కు మిత్రధర్మం

మిత్రధర్మం తప్పారట. 2023 ఆగస్టు 21, సోమవారం అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ 119 అసెంబ్లీ సీట్లలో 115కి తన పార్టీ పేర్లు ఒక్క ఊపున చదివేశాక, ఎర్రజెండా పార్టీలు రెండూ, సీపీఐ, సీపీఎం, కూర్చుని తేల్చిన సంగతి ఇది. మిగిలిన నాలుగైనా మనకోసం ఆపారేమోనని ఎవరైనా ఆశపడి ఉంటే, అవి జనగామ, నర్సాపూర్, నాంపల్లి, గోషామహల్. ఆ విస్తట్లోనూ మెతుకు లేదు.

ఛత్తీస్‌గఢ్‌లోని మా బిలాస్‌పూర్ లింగియాడీహ్‌లో సీపత్ రోడ్డు పక్క టీకొట్టు దగ్గర ఈ వార్త చదివి వినిపిస్తే, శ్రీకాకుళం నుంచి వచ్చి జీవితమంతా గూడ్సుబళ్లు తోలి రిటైరైన పెద్దాయన పెదవి విరిచాడు. "ఏటి బాబూ, బ్యాంకర్‌కి టైంటేబుల్లో నంబరుంటాదేటి?"

రైలు కొండెక్కే ఘాట్లు చూడని వాళ్లకు చెప్పాలి. బిలాస్‌పూర్ నుంచి కట్నీ వెళ్లే దారిలో భన్వర్‌టోంక్ ఘాట్ ఉంది. నిండు లోడుతో వచ్చిన గూడ్సు తనంతట తాను ఎక్కలేకపోతే వెనకాల ఇంకో ఇంజిన్ పెడతారు. అదే బ్యాంకర్. ముందువాడు కూత వేస్తే వెనకవాడు బదులు కూత వేసి నెట్టాలి. ఘాట్ దాటాక విడదీస్తారు. బండి తన దారిన పోతుంది. బ్యాంకర్ ఒంటరిగా, రైల్వేవాళ్ల మాటలో లైట్ ఇంజిన్‌గా, వెనక్కొచ్చి ఇంకో బండి కోసం కాచుకుంటుంది. వ్యాగన్లలో ఏముందో అడగదు.

ఇంత పనితనం ఉన్న పార్టీలు ఎన్నికల సంఘం కింద మగ్గిపోవడం అన్యాయం. వెంటనే రైల్వే బోర్డుకు బదిలీ చేయాలి. సీపీఐ ఆఫీసు మఖ్దూం భవన్, సీపీఎం ఆఫీసు ఎం.బి. భవన్‌లను బ్యాంకర్ షెడ్లుగా గుర్తించాలి. సర్వీసు రికార్డు చూడండి. 1994లో తెలుగుదేశాన్ని నెట్టారు, రెండు షెడ్లకూ కలిపి 34 సీట్లు. 2004లో కాంగ్రెస్‌ను నెట్టారు, 15. 2009లో మళ్లీ తెలుగుదేశం, టీఆర్ఎస్ కలిసి కట్టిన మహాకూటమి బండి. అది ఘాటే ఎక్కలేదు, అయిదు మిగిలాయి. 2018లో తెలంగాణలో ఒక షెడ్డు కాంగ్రెస్ వెనక చేరింది, రెండోది బహుజన లెఫ్ట్ ఫ్రంట్ (బీఎల్ఎఫ్) అని వేరే బండి కట్టింది. ఇద్దరికీ సున్నా.

2022లో మునుగోడు ఉప ఎన్నిక. అక్కడ సీపీఐ ఇంజిన్ ముందుండి అయిదుసార్లు బండి లాగింది. అదే లైన్లో పోయి కేసీఆర్ పార్టీ టీఆర్ఎస్ వెనక తగులుకుంది. కూసుకుంట్ల ప్రభాకరరెడ్డి 10,309 ఓట్లతో గట్టెక్కారు. కేసీఆర్ చదివిన 115లో ఆయన పేరు ఉంది. నెట్టినవాళ్లది లేదు. ఇందులో ధర్మం తప్పిందెక్కడ? రూలు ప్రకారమే విడదీశారు.

బోర్డు కొత్తగా రూలు రాయక్కర్లేదు కూడా. బీజేపీని ఓడించగలవాళ్లకే మా మద్దతు అన్నది ఇప్పటికే ఉంది. ఓడించగలవాళ్లెవరో సర్వే చెబుతుంది, నెట్టాల్సిన దూరం పొలిట్‌బ్యూరో చెబుతుంది. మొన్నటిదాకా ఏ కాంట్రాక్టరు ఇంటిముందు ధర్నా చేశాడో ఆ కాంట్రాక్టరు కండువా పక్కనే తన కండువా వేసుకుని ఊరు తిరగాల్సినవాడు మాత్రం గ్రామశాఖ కార్యదర్శి. రైల్లో డ్రైవరుకు కిలోమీటర్ల లెక్కన అలవెన్సు అయినా ఇస్తారు. 2021లో అయిదు రంగాల కార్మికులకు కనీస వేతనాల జీవోలిచ్చి, గెజిట్‌లో అచ్చు వేయకుండా అటకెక్కించిన ప్రభుత్వాన్ని ఆ మరుసటి ఏడే నెట్టిన బ్యాంకర్‌కు అదీ లేదు.

ఎవరినీ నెట్టకుండా తామే లాగినవాళ్లూ ఉన్నారు. మా ఛత్తీస్‌గఢ్‌లో దల్లీ రాజహరా గనికార్మికులు, శంకర్ గుహా నియోగి కట్టిన ముక్తిమోర్చా నుంచి 1985లో జనక్‌లాల్ ఠాకూర్‌ను అసెంబ్లీకి పంపారు. తెలంగాణలోని ఇల్లందులో ఎంఎల్ పార్టీ నేత గుమ్మడి నర్సయ్య అయిదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు. చిన్న ఇంజిన్లే, కానీ తమ బండికి తామే ముందున్నారు.

బీజేపీ ప్రమాదం కాదని నేననను. ఓటు కాంగ్రెస్‌కు వేయాల్సిన రోజూ రావచ్చు, వేద్దాం. కానీ ఏం తీసుకుని వేస్తున్నారు?

కామ్రేడ్లూ, ఆగస్టు 28 గుర్తు చేసుకోండి. 2000లో ఇదే రోజు కరెంటు చార్జీలు తగ్గించమన్నందుకు బషీర్‌బాగ్‌లో రామకృష్ణ, విష్ణువర్ధన్‌రెడ్డి, బాలస్వామిని తెలుగుదేశం ప్రభుత్వ పోలీసులు కాల్చి చంపారు. ఏటా ఆ రోజు మీరు అక్కడికి దండలు పట్టుకెళ్తారు. 2009లో ఆ తెలుగుదేశాన్నే నెట్టారు. 2004లో మీరు నెట్టిన కాంగ్రెస్, 2007 జూలై 28న ముదిగొండలో గుడిసె జాగా అడిగిన మీ మనుషుల్నే ఏడుగురిని చంపింది. 2023లో 115లో చోటు దక్కకపోయేసరికి మళ్లీ ఆ కాంగ్రెస్ ఆఫీసు గాంధీభవన్ వైపే చూశారు. బ్యాంకర్ వ్యాగన్లో ఏముందో అడగకపోతే తప్పులేదు, అది ఇనుము. మీరు ఎక్కించిన బండిలో మీ శవాలే ఉన్నాయి కదయ్యా! మీకు సీటివ్వనందుకు గుర్తొచ్చిన ధర్మం, వాళ్లు చచ్చినప్పుడు మిత్రుణ్ని ఎందుకు నిలదీయలేదు? ఇంకోసారి గాంధీభవన్ మెట్లెక్కే ముందు ముదిగొండలో ఆ ఏడిళ్లకూ వెళ్లి అడిగి రండి. వాళ్లేమన్నారో కూడా ప్రెస్‌మీట్‌లో చెప్పండి.