రాణి రూపాయి వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము: “రాణీ ఒకటే, ఏడూ ఒకటే, ఇన్ని ఎందుకురా?”

అవతారిక: గౌరిబిదనూరు దగ్గరి హొసూరులో, దీపావళి పొద్దున, లక్ష్మీపూజకు వెండి రూపాయలు తోమవలెనని చింతపండు నానబెట్టుకొని కూర్చున్న అవ్వ వాక్యమిది. మనుమడు (అనగా ఈ వ్యాఖ్యాత) భూతద్దము పట్టుకొని ఒక్క రూపాయీ ఇవ్వకుండుటయే సందర్భము. ఊరు కన్నడనాటిదైనను అవ్వకు కోపము తెలుగులోనే వచ్చును.

రాణీ ఒకటే: విక్టోరియా అని అర్థము. ఇది పైపై చూపు. 1876 దాకా నాణెముమీద ఆమె ‘క్వీన్’, 1877 నుండి ‘ఎంప్రెస్’. 1840 నాటి కంపెనీ రూపాయిలో ఇంకొక చిక్కు: అక్షరములు తలచుట్టూ ఎడతెగక సాగినది ఒక పాఠము, తల దగ్గర తెగి ఇరుపక్కల పడినది పాఠాంతరము. తాటాకులలో పాఠాంతరము వ్రాయసకాని కునుకువలన పుట్టును, టంకసాలలో అచ్చు మారుటవలన. రెంటికిని పండితులు ఒకే తీరున కొట్టుకొందురు.

ఏడూ ఒకటే: ఏడనగా సంవత్సరము. ఇక్కడ అవ్వ తప్పు లేదు. 1862 అని ఉన్న రూపాయలన్నియు ఆ యేట పుట్టినవి కావు. 1874లో అంకె మారువరకు పాత అంకెనే వేయుచు వచ్చిరి. మరి అసలు పుట్టిన యేడు తెలియుటెట్లు? బొంబాయివారు తేదీ దగ్గర చుక్కలు పెట్టిరి. ఆ చుక్కలు లెక్కించువాడే రసికుడు. నా చేతిలోని దానికి తేదీ కింద నాలుగు స్పష్టము. ఐదవది చుక్కయా, మైలయా అన్నది వివాదాస్పదము.

ఇన్ని: పరిమాణవాచకము. ఒక్కొక్కటి తులము, అనగా 11.66 గ్రాములు, పన్నెండింట పదకొండు పాళ్ళు వెండి. 1940లో వెండిని సగానికి దించిరి గనుక అటుపిమ్మటి వాటిని అవ్వ “సవుకు” అని వేరే డబ్బాలో పెట్టినది. ఐదవ జార్జి 1911 రూపాయిలో రాజుగారి అంగీమీది ఏనుగు పందివలె ఉన్నదని గోల లేచినది. 1912లో ఏనుగును ఏనుగు చేసిరి. ఆ 1911 నాటిదే ‘పంది రూపాయి’. మా ఇంట లేదు, ఆ సంగతి ఎత్తకుడు.

ఈ పిచ్చి మనకే కాదు. జపానువారు 1897లో బంగారు ప్రమాణమునకు మారి, వెండి యెన్నులలో కొన్నింటిమీద ‘వెండి’ అను అక్షరమును చిన్న ముద్రగా కొట్టిరి. అది ఎడమన ఉన్నదా, కుడిన ఉన్నదా అని అచ్చటి రసికులు నేటికిని తలలు వంచుకొని చూతురు.

ఎందుకురా: ప్రశ్నార్థకము. ‘రా’ ప్రేమసూచకమని కొందరు, చీపురుసూచకమని మా ఇంటి సంప్రదాయము. ప్రశ్నించుట ఈ ఊరి నీళ్ళలోనే ఉన్నది. 1976లో బెంగళూరు విశ్వవిద్యాలయపు వైస్ చాన్సలరుగా ఉండి, మహిమలను పరీక్షింప సంఘము వేసిన హెచ్. నరసింహయ్య పుట్టిన హొసూరు ఇదే.

తాత్పర్యము చెప్పబోవునంతలో అవ్వ రూపాయలన్నియు లాగుకొని గిన్నెలో వేసినది. తోమకూడదు, పాత నలుపు పోయిన వెల పోవునని మొరపెట్టితిని. “లక్ష్మికి మసి రూపాయలు పెట్టేదా?” అన్నది.

తోమిన పిదప చూడగా చుక్కలు నాలుగే. ఐదవది పోయిన యేటి పూజ పసుపు.